వీల్‌చైర్ నుంచి పైలట్ సీటుకి: కాళ్లు సహకరించకపోయినా చిన్న విమానం నడపడం ఎలా నేర్చుకోవాలి

"నడుము కింద స్పర్శ లేదు, విమానం నడపగలనా?" "ఒక కాలు మోకాలి పైదాకా తీసేశారు, రడ్డర్ ఎలా తొక్కాలి?" "నాకు వినిపించదు, మరి రేడియో సంగతి?" నన్ను పలకరించేవాళ్లలో ఎక్కువమంది అడిగేది ఇవే. (రడ్డర్ అంటే ముక్కును కుడిఎడమలకు తిప్పే తోక పలక, మామూలుగా పాదాలతో పెడల్స్ తొక్కి కదుపుతారు.) ఒక్కొక్కరికీ విడివిడిగా చెప్పే బదులు తెలిసినదంతా ఒకచోట రాస్తున్నాను.

నా సంగతి ముందే చెప్పేస్తాను. వెన్నెముకకు దెబ్బ తగిలి నడుము కింది భాగం చచ్చుబడింది. రడ్డర్‌ను చేత్తో కదిపే అమరిక బిగించిన పైపర్ పీఏ-28 అనే చిన్న విమానంలో నేర్చుకుని లైసెన్స్ తీసుకున్నాను. కాబట్టి కాళ్ల గురించి రాసేదంతా అనుభవం. చెవులు, చేతుల గురించి రాసేది తోటి పైలట్ల దగ్గర చూసి, అడిగి తెలుసుకున్నది.

"నడపగలనా?" అన్నదానికి జవాబు ఎప్పుడో దొరికింది. బ్రిటిష్ పైలట్ డగ్లస్ బాడర్ 1931లో విమానం కూలి రెండు కాళ్లూ పోగొట్టుకున్నాడు. అయినా కృత్రిమ కాళ్లతో రెండో ప్రపంచ యుద్ధంలో ఫైటర్ విమానాలు నడిపాడు. పుట్టుకతోనే రెండు చేతులూ లేని జెసికా కాక్స్ 2008లో పాదాలతో విమానం నడిపి లైసెన్స్ సాధించింది. ఆవిడ ఎర్‌కూప్ విమానాన్ని ఎంచుకోవడం యాదృచ్ఛికం కాదు. అందులో రడ్డర్ పెడల్స్ ఉండవు, యోక్ (విమానం స్టీరింగు) తిప్పితే రడ్డర్ కూడా దాంతోపాటే కదులుతుంది. అంటే విమానానికి తగ్గట్టు శరీరాన్ని వంచకుండా, శరీరానికి తగిన విమానాన్ని వెతుక్కుంది. మీరు చేయాల్సిందీ అదే. "నేను చేయగలనా?" అని కాకుండా "ఈ పని నా శరీరంతో ఏ దారిలో చేయాలి?" అని ఒక్కో పనికీ విడిగా అడగండి.

ఏమేం కావాలి

- మెడికల్ సర్టిఫికెట్ (విమానం నడిపేంత ఆరోగ్యం ఉందని చెప్పే పత్రం), లేదా మీ దేశపు నిబంధనల్లో దానికి బదులు ఒప్పుకునేది
- మీ ఒంటికి సరిపోయే విమానం, దానికి ఆమోదం పొందిన హ్యాండ్ కంట్రోల్ (పెడల్స్‌ను చేత్తో కదిపే అమరిక)
- హ్యాండ్ కంట్రోల్‌తో తను కూడా నడపడం నేర్చుకోవడానికి సిద్ధపడే ఇన్‌స్ట్రక్టర్
- సీటు కుషన్, ట్రాన్స్‌ఫర్ బోర్డు (కుర్చీ నుంచి సీటుకు జరగడానికి వేసుకునే పలక), వెడల్పాటి వెల్క్రో పట్టీలు మూడు
- పిడి ఉన్న చిన్న అద్దం, టార్చి, నీళ్ల స్ప్రే సీసా, స్టాప్‌వాచ్
- డబ్బు. ఇది ఎవరికైనా ఖరీదైన చదువే. వికలాంగులకు విమానం నేర్పడానికే అమెరికాలో ఏబుల్ ఫ్లైట్, బ్రిటన్‌లో ఏరోబిలిటీ లాంటి సంస్థలున్నాయి. మీ దగ్గర అలాంటివి ఏమున్నాయో ముందుగా వాకబు చేయండి.

1. దరఖాస్తు పెట్టకముందే డాక్టర్‌తో మాట్లాడండి

చాలామంది తొందరపడి ఆన్‌లైన్‌లో మెడికల్‌కి దరఖాస్తు పెట్టేసి, తర్వాత డాక్టర్‌ను కలుస్తారు. దయచేసి ఆ పని చేయకండి. దరఖాస్తు ఒకసారి లోపలికి వెళితే దాని మీద ఏదో ఒక నిర్ణయం రాక తప్పదు. అమెరికాలో స్పోర్ట్ పైలట్ (చిన్న విమానాలకే పరిమితమైన లైసెన్స్) కావాలంటే డ్రైవింగ్ లైసెన్సే మెడికల్‌గా చెల్లుతుంది. కానీ మీరు చివరిసారి పెట్టుకున్న మెడికల్ దరఖాస్తు తిరస్కరణకు గురై ఉంటే ఆ దారి కూడా మూసుకుపోతుంది. తలుపు తట్టి "కాదు" అనిపించుకున్నవాడికంటే అసలు తట్టనివాడికే అక్కడ వెసులుబాటు ఎక్కువ.

ముందు విమానయాన మెడికల్ చేసే డాక్టర్ దగ్గర ఫీజు కట్టి, కేవలం సలహా కోసం కూర్చోండి. ఆపరేషన్ రిపోర్టులు, డిశ్చార్జి సమ్మరీ, వాడుతున్న మందుల జాబితా తీసుకెళ్లండి. చాలాసార్లు అడ్డుపడేది వైకల్యం కాదు, మందులు. కండరాల బిగుతుకు ఇచ్చే బాక్లోఫెన్ మగత తెస్తుంది. నరాల నొప్పికి ఇచ్చేవాటిలో కొన్నీ అంతే. దాచకండి. అలాగని విమానం కోసం మందు మీ అంతట మీరు మానేయకండి. వేరే మందుకు మారవచ్చేమో మీకు వైద్యం చేసే డాక్టర్‌నే అడగండి.

అవయవం లేకపోవడం, చచ్చుబడటం లాంటి ఇక మారని స్థితికి అమెరికాలో "స్టేట్‌మెంట్ ఆఫ్ డెమాన్‌స్ట్రేటెడ్ ఎబిలిటీ" అనే పత్రం ఇస్తారు. గాల్లో చేసి చూపిస్తే వస్తుంది. పరిస్థితి ముదరనంత కాలం మళ్లీ మళ్లీ రుజువు చేసుకోనక్కర్లేదు. అది చేతికొచ్చేదాకా శిక్షణ అవసరాలకే చెల్లే మెడికల్ ఇస్తారు. యూరప్‌లో "చేసి చూపిన విమాన రకానికే పరిమితం", "సేఫ్టీ పైలట్ పక్కన ఉంటేనే" లాంటి షరతులతో మెడికల్ ఇచ్చే పద్ధతి ఉంది. షరతు పడిందని కుంగిపోకండి, అది కూడా మెడికలే.

2. డబ్బు కట్టేముందు సీట్లో కూర్చుని చూడండి

ఇంజన్ ఆపి ఉన్న విమానంలో ఒక గంట. ఇదే మీ మొదటి పాఠం.

రెక్క సీటుకు కింద ఉండే విమానాలూ (పీఏ-28 లాంటివి), రెక్క తలకు పైన ఉండే విమానాలూ (సెస్నా 172 లాంటివి) మనకు పూర్తిగా వేరు. పీఏ-28లో వీల్‌చైర్‌ను రెక్క వెనక అంచు దగ్గర పెట్టి, రెక్క మీదికి మారి, వెనక్కి జరుగుతూ తలుపు దాకా వెళ్లాలి. చేతుల బలం ఉంటే ఒంటరిగా చేయొచ్చు. చిక్కేమిటంటే తలుపు ఒక్కటే, అదీ కుడివైపు. అక్కడి నుంచి ఎడమ సీటుకు జరగాలి. సెస్నాలో ఇటో తలుపు అటో తలుపు ఉంటాయి. కానీ సీటు వీల్‌చైర్ కంటే ఎత్తు, మధ్యలో రెక్కను మోసే కమ్మీ అడ్డం. కొందరికి ఇది తేలిక, కొందరికి అది. కూర్చోకుండా తేల్చలేరు.

పీఏ-28లో ఇంకో సౌకర్యం ఉంది: ప్యానెల్ కింద చేత్తో లాగే బ్రేక్ లివర్. అది రెండు చక్రాల మీదా పనిచేస్తుంది. పెడల్స్ పైభాగం తొక్కితేనే బ్రేక్ పడే విమానాల్లో మనకు బ్రేక్ కోసం ఇంకో అమరిక కావాలి.

సరిపోయిందో లేదో ఇలా చూసుకోండి: బెల్టు పూర్తిగా బిగించుకుని ఇంధనం మార్చే కవాటం, ఫ్లాప్స్ (రెక్క వెనక దించే పలకలు), ట్రిమ్ (చెయ్యి వదిలినా విమానం అలాగే వెళ్లేలా సర్దేది), బ్రేక్, తలుపు గొళ్లెం, అగ్నిమాపక సిలిండర్ ఒక్కొక్కటీ కళ్లు మూసుకుని అందుకోండి. ఒక్కటి అందకపోయినా ఆ సీటు సర్దుబాటు మీకు సరిపోనట్టే. "గాల్లోకి వెళ్లాక ఎలాగోలా అందుతుందిలే" అనుకోకండి.

3. ఎగరడం కంటే ముందు దిగడం నేర్చుకోండి

మంట అంటుకుంటే, పొలంలో దిగాల్సి వస్తే, పక్కన ఎవరూ లేకపోతే ఎలా బయటపడతారు? మొదటి ఎగురుడికి ముందే దీనికి జవాబు ఉండాలి.

స్టాప్‌వాచ్ పట్టుకోండి. ఇంధనం కట్, కరెంటు స్విచ్ ఆఫ్, హెడ్‌సెట్ తీసేయడం, కాళ్ల పట్టీలు, బెల్టు, తలుపు, రెక్క, నేల. నా మొదటి ప్రయత్నానికి రెండున్నర నిమిషాలు పట్టింది. అందులో సగం హెడ్‌సెట్ వైరు మెడకు చుట్టుకోవడానికి, మోకాలి పట్టీ ముడి వెతకడానికి పోయింది. పట్టీల కొసలు పైకి వచ్చేలా మడిచి, ఒక్క లాగుతో ఊడేలా మార్చాను. రెక్క చివర నుంచి నేల మీదికి జారేటప్పుడు మోచేతులు కాలిపోకుండా పొడుగు చేతుల చొక్కా వేసుకోవడం అలవాటు చేసుకున్నాను. పదిహేనోసారికి 48 సెకన్లు.

అదే పని ఇన్‌స్ట్రక్టర్ సాయంతో ఒకసారి, ఆయన స్పృహ తప్పినట్టు నటిస్తుండగా ఒకసారి చేయండి. పీఏ-28లో తలుపు వైపు ఉండేది ఆయనే. పొలంలో దిగాల్సి వస్తే నేల తాకకముందే తలుపు గొళ్లెం తీయడం ఎవరికైనా నేర్పేదే, మనకు మాత్రం అది ప్రాణం. నెలకోసారి మళ్లీ గడియారం పెట్టి చూసుకోండి. చలికోటు వేసుకున్న రోజు సమయం పెరుగుతుంది, ఆ లెక్క కూడా తెలిసి ఉండాలి.

4. హ్యాండ్ కంట్రోల్ బిగించడం, దాన్ని నమ్మకుండా పరీక్షించడం

ఇది మామూలుగా రడ్డర్ పెడల్స్‌కి బిగించే ఒక కడ్డీ. పైకి వచ్చి మీ చేతికి అందుతుంది. తోస్తే ఒకవైపు, లాగితే ఇంకోవైపు. కొన్నిటికి పిడి మీదే థ్రాటిల్ (ఇంజన్ శక్తిని పెంచి తగ్గించే మీట) కూడా ఉంటుంది. ఆ విమాన రకానికి ఆమోదం ఉన్న అమరికే వాడండి. వర్క్‌షాపులో ఎవరో మంచి మనసుతో వెల్డింగ్ చేసి ఇచ్చిన కడ్డీని విమానంలో పెట్టకండి.

బిగించిన ప్రతిసారీ:

- రెండు చేతులతో గట్టిగా గుంజండి. క్లాంపు పెడల్ మీద వెంట్రుకవాసి జారినా విప్పి మళ్లీ బిగించాలి.
- యోక్‌ను పూర్తిగా వెనక్కి లాగి, అటూ ఇటూ తిప్పండి. కడ్డీ మీ మోకాలికీ, యోక్‌కీ, ఇన్‌స్ట్రక్టర్ కాలికీ తగలకూడదు.
- పీఏ-28లో ముక్కు చక్రం పెడల్స్‌కే కలిపి ఉంటుంది. నిలబడి ఉన్నప్పుడు రడ్డర్ బరువుగా ఉంటుంది, బలవంతంగా తోయకండి. కదలడం మొదలయ్యాక, ఖాళీ చోట, పూర్తిగా ఎడమ, పూర్తిగా కుడి చూసుకోండి.
- "తోస్తే ఎటు?" అని బిగ్గరగా చెప్పి, తోసి, ముక్కు అటే తిరిగిందో లేదో చూడండి. అమరికను బట్టి దిశ మారుతుంది. ఒక విమానంలో అలవాటైన చెయ్యి ఇంకో విమానంలో మోసం చేస్తుంది.

ఇన్‌స్ట్రక్టర్‌కి ఒక మాట: పాదాలు నేలకు ఆనించి, హ్యాండ్ కంట్రోల్‌తోనే మీరు ఒక గంట నడపండి. అంతవరకు విద్యార్థి చెయ్యి ఎందుకు ఆలస్యమవుతోందో మీకు అర్థం కాదు.

5. స్పర్శ లేని చోటుకి మీరే కాపలా

నేను శిక్షణలో ఏడో గంటలో ఉన్నప్పుడు జరిగింది. రన్‌వేకి సమాంతరంగా వెళ్తున్నాం. ఉన్నట్టుండి ముక్కు ఎడమకు తిరిగి, ప్యానెల్ మీద బాల్ (విమానం పక్కకు జారుతోందా అని చూపే గుండు) కుడికి జారింది. గాలి కుదుపు అనుకుని కుడి రడ్డర్ ఇవ్వబోయాను. కడ్డీ కదల్లేదు. ఇంకా గట్టిగా తోశాను. ఇన్‌స్ట్రక్టర్ కిందికి చూసి, వంగి నా ఎడమ బూటును పెడల్ మీద నుంచి ఎత్తారు. స్పాజమ్ (కండరాలు వాటంతట అవే బిగుసుకోవడం) వచ్చి కాలు ముందుకు తన్నుకుంది. అది నా కాలేనని నాకు తెలియనే లేదు.

ఆ రోజు నుంచి పాదాలకు ఒక పట్టీ, పిక్కలకు ఒకటి, మోకాళ్ల పైన ఒకటి. ఇంజన్ వణుకే స్పాజమ్ తెప్పించగలదు కాబట్టి నేల మీద ఇంజన్ నడుపుతూ పది నిమిషాలు కూర్చుని చూడండి. రడ్డర్ బిగుసుకున్నట్టు అనిపిస్తే ముందు చూడాల్సింది మీ కాళ్లనే.

కుషన్ గురించి కూడా ఆలోచించండి. గాలి నింపే కుషన్ ఎత్తుకు వెళ్లేకొద్దీ ఉబ్బుతుంది. ఉబ్బిందని పైన గాలి తీసేస్తే దిగాక చదునై ఎముక నేరుగా సీటుకు తగులుతుంది. పలచటి జెల్ లేదా ఫోమ్ కుషన్ మేలు. అయితే కుషన్ మారితే కళ్ల ఎత్తు మారుతుంది, కళ్ల ఎత్తు మారితే రన్‌వే కనిపించే తీరు మారుతుంది. ఒకటే కుషన్‌కు కట్టుబడండి. ఇంటికెళ్లాక అద్దంతో చర్మం చూసుకోండి. ఎరుపు అరగంటలో తగ్గకపోతే, పూర్తిగా తగ్గేదాకా ఎగరొద్దు.

మూత్రం భయంతో నీళ్లు మానేయడం మనందరం చేసే తప్పే. ఒంట్లో నీళ్లు తగ్గితే మొదట మందగించేది బుర్ర. బ్యాగు ఖాళీ చేసుకుని ఎక్కండి, నీళ్లు మాత్రం తాగండి. గాయం ఛాతీ మధ్యకు పైన ఉంటే ఒళ్లు సరిగా చెమట పట్టదు. ఎండలో నిలిపిన విమానం అద్దాల పెట్టెలా కాగిపోతుంది. స్ప్రే సీసా అందుకే. అలాంటి గాయమున్నవాళ్లకు మూత్రం బిగబడితే రక్తపోటు ఉన్నట్టుండి పెరిగి తలపోటు రావచ్చు. ఆ లక్షణాలు ఇన్‌స్ట్రక్టర్‌కి ముందే చెప్పి ఉంచండి.

6. ఎగిరేముందు తనిఖీ

ఇంధనం, ఆయిల్, టైర్లు, రెక్కల అంచులు: తనిఖీ బాధ్యత పైలట్‌దే. కుర్చీలో ఉన్నంత మాత్రాన ఆ బాధ్యత ఇంకొకరికి బదిలీ కాదు. రెక్క కింద ఉన్న విమానంలో ఇంధన మూత మనకు అందే ఎత్తులో ఉంటుంది. రెక్క పైన ఉంటే ఎవరో ఒకరు ఎక్కి కొలకర్ర ముంచాలి. ఆ కర్రను మీ చేతికి ఇప్పించుకుని, తడి ఎక్కడిదాకా ఉందో మీ కళ్లతో చూడండి. "సరిపడా ఉంది" అన్న మాటతో సరిపెట్టుకోవద్దు. వంగి చూడలేని చోట్లకు పిడి అద్దం, టార్చి.

ఇంజన్ వేసేముందు కుర్చీ ఎక్కడుందో చూడండి. ప్రొపెల్లర్ గాలికి ఖాళీ కుర్చీ దొర్లిపోతుంది.

7. చేతులకు వరస నేర్పడం

ఎడమ చేతికి యోక్. కుడి చేతికి రడ్డర్, థ్రాటిల్, బ్రేక్ మూడూ. హ్యాండ్ కంట్రోల్ నేర్చుకోవడమంటే ఈ మూడింటికీ ఒక వరస అలవాటు చేయడమే.

*టాక్సీ (నేల మీద నడపడం):* మనిషి నడిచేంత వేగం. ఆపాలంటే థ్రాటిల్ పూర్తిగా తగ్గించి, ముక్కు తిన్నగా చేసి, ఆ తర్వాతే చెయ్యి బ్రేక్‌కి వెళ్లాలి. పసుపు గీత మీద ముక్కు చక్రం నిలుస్తోందా? పది నిమిషాలు గీత తప్పకపోతే ముందుకు సాగండి.

*టేకాఫ్:* థ్రాటిల్ ఫ్రిక్షన్ బిగించండి. లేకపోతే చెయ్యి తీసిన క్షణం థ్రాటిల్ వెనక్కి జారుతుంది. మామూలు ఇంజన్లలో శక్తి పెంచగానే ముక్కు ఎడమకు లాగుతుంది. కాబట్టి థ్రాటిల్‌ను ఒక్కసారిగా కాకుండా మూడు అంచెల్లో, మధ్యమధ్య రడ్డర్ సరిచేస్తూ తెరవండి.

*ల్యాండింగ్:* థ్రాటిల్ పని ఫ్లేర్‌కి (నేల తాకేముందు ముక్కు మెల్లగా ఎత్తడం) ముందే అయిపోవాలి. నేల దగ్గరపడ్డాక కుడి చెయ్యి రడ్డర్‌ను వదలకూడదు. దీనికి అప్రోచ్ (రన్‌వే వైపు దిగుతూ రావడం) నిలకడగా ఉండాలి. చివరి నిమిషంలో థ్రాటిల్‌తో సర్దుకునే అలవాటు మనకు చెల్లదు. నిలకడ లేకపోతే మళ్లీ పైకి వెళ్లిపోండి.

*మళ్లీ పైకి వెళ్లడం:* అన్నిటికంటే కష్టం ఇదే. పూర్తి శక్తి ఇచ్చి అదే చెయ్యి వెంటనే రడ్డర్ పట్టుకునేలోపు ముక్కు ఎడమకు పోతుంది. సురక్షితమైన ఎత్తులో, నేల అక్కడే ఉందనుకుని, ఇరవై సార్లు చేయండి. బాల్ సగం కంటే ఎక్కువ జారకుండా వరసగా ఐదుసార్లు వచ్చాక కిందకు తీసుకురండి.

*పక్కగాలి:* మొదట్లో 5 నాట్లకు మించిన పక్కగాలిలో నేను దిగలేదు. మీ హద్దు కాగితం మీద రాసుకోండి. ఇన్‌స్ట్రక్టర్ పక్కన ఉండగా దాటి చూపించాకే పెంచండి.

ప్రైవేట్ పైలట్ లైసెన్స్‌కు కనీస గంటలు అమెరికాలో 40, యూరప్‌లో 45. కాళ్లున్నవాళ్లలోనే చాలామందికి అంతకంటే ఎక్కువ పడతాయి. లెక్క పెట్టుకుని బాధపడకండి.

8. ఒంటరిగా, దూరంగా

సోలో రోజున తలుపు దగ్గర మీ కుర్చీ పట్టుకునే మనిషి ఎవరో ముందే ఖాయం చేసుకోండి. మీకు నడక రాదని కంట్రోల్ టవర్‌కీ, అగ్నిమాపక సిబ్బందికీ ముందే తెలియాలి. ఫ్లైట్ ప్లాన్ వేస్తే అందులోనూ రాయండి.

వేరే ఎయిర్‌ఫీల్డ్‌కి వెళ్తే ముందు ఫోన్ చేసి, ఇంధనం పోసేవాళ్లు ఉంటారా, టాయిలెట్‌లోకి కుర్చీ పడుతుందా అని అడగండి. కుర్చీ వెంట తీసుకెళ్తే దాని చక్రాలతో సహా తూకం వేసి బరువు లెక్కలో కలపండి. వలతో కట్టండి. కట్టని కుర్చీ కుదుపుల్లో మీ తల వెనకే ఎగురుతుంది.

వినిపించనివాళ్లకు, ఒక చేత్తో నడిపేవాళ్లకు

వినికిడి లేనివాళ్లకు అమెరికాలో "రేడియో తప్పనిసరి అయిన చోట చెల్లదు" అన్న షరతుతో మెడికల్ ఇస్తారు. టవర్ లేని ఎయిర్‌ఫీల్డ్‌లు చాలా ఉన్నాయి. టవర్ ఉన్నచోట ముందే మాట్లాడుకుని దీపపు సంకేతాలతో దిగొచ్చు. గాల్లో ఉన్నప్పుడు నిలకడైన ఆకుపచ్చ అంటే దిగొచ్చు. నిలకడైన ఎరుపు అంటే దారిచ్చి చుట్టూ తిరుగుతూ ఉండు. మినుకుమనే ఎరుపు అంటే ఎయిర్‌ఫీల్డ్ సురక్షితం కాదు, దిగొద్దు. పాఠమంతా నేల మీదే బోర్డు మీద రాసి ముగించి, గాల్లో భుజం మీద తట్టే గుర్తులు మాత్రమే వాడండి: ఒక తట్టు "కంట్రోల్ నాది", రెండు "నీది". స్టాల్ (రెక్క విమానాన్ని మోయలేకపోవడం) హెచ్చరిక మోత వినిపించదు కాబట్టి రెక్కల వణుకునీ, యోక్ మెత్తబడటాన్నీ ఒంటితో గుర్తుపట్టేదాకా సాధన చేయాలి.

ఒక చెయ్యే ఉంటే ట్రిమ్ మీ రెండో చెయ్యి. విమానం చెయ్యి వదిలినా తిన్నగా వెళ్లేలా ట్రిమ్ చేసి, అప్పుడే థ్రాటిల్‌కి వెళ్లండి. కృత్రిమ చెయ్యి యోక్‌కి తగిలించుకుంటే, ఒక్క లాగుతో ఊడాలి. స్టాప్‌వాచ్ పరీక్షలో అదీ కలపండి.

పరీక్ష రోజు

మెడికల్ ఫ్లైట్ టెస్ట్‌లో (మొదటి దశలో చెప్పిన, గాల్లో చేసి చూపించే పరీక్ష) పరీక్షకుడు చూసేది ముఖ్యంగా రెండు: ఆ అవయవంతో చేయాల్సిన కంట్రోల్స్ అన్నీ మీరు వెంటనే అందుకుని సరిగా వాడుతున్నారా, స్టాల్ నుంచి బయటపడటం, ఇంజన్ ఆగిపోయినప్పుడు విమానాన్ని అదుపులో ఉంచడం లాంటి అత్యవసర పనులు చేయగలరా. రెండో దశ, ఏడో దశ సరిగా చేసినవాళ్లకు అందులో కొత్తదేమీ ఉండదు. ఆ రోజు కొత్త కుషన్, కొత్త బూట్లు, కొత్త పట్టీలు వాడకండి. ఎక్కడానికి మీకు పట్టే సమయం చూసుకుని అరగంట ముందే సీట్లో ఉండండి. పరీక్షకుడు సాయం చేయబోతే మీకు ఏ సాయం కావాలో, ఏది వద్దో స్పష్టంగా చెప్పండి. ఇంజన్ వేసేముందు, అత్యవసరమైతే మీరిద్దరూ ఏ వరసలో ఎలా దిగాలో ఆయనకు మీరే వివరించండి.